నీళ్ల లెక్క, ఊరి మాట

నీళ్లు పరీక్ష చేయించిన కాగితం మీరెప్పుడైనా చూసి ఉంటే, అందులో ఒక వరస ఇలా ఉంటుంది: ఫ్లోరైడ్, లీటరుకు ఇన్ని మిల్లీగ్రాములు. పక్కనే హద్దు వేసి ఉంటుంది. మన దేశంలో తాగునీటికి 1 మిల్లీగ్రాము దాటకపోతే మంచిది, వేరే దారి లేనప్పుడు 1.5 దాకా ఫరవాలేదు. ల్యాబులో పనిచేసేవాళ్లకు ఆ వరస చాలు, అందులో తప్పేమీ లేదు. కానీ ఆ నీళ్లు బిందెలో పట్టుకుపోయే ఇల్లాలికి అది ఏమీ చెప్పదు. 1.5 మిల్లీగ్రాములంటే ఎంత? ఇంటి మీదుండే వెయ్యి లీటర్ల ప్లాస్టిక్ ట్యాంకు నిండా నీళ్లుంటే, వాటన్నిటిలో కలిపి గ్రామున్నర. కూరలో వేసే ఉప్పు లెక్కలో చూస్తే పావు చెంచా. అంత కొంచెమే హద్దయితే, నల్లగొండ జిల్లాలో కొన్ని ఊళ్ల బోర్లలో దానికి నాలుగైదు రెట్లు ఉండేది. ఆ నీళ్లకు రంగు లేదు, వాసన లేదు, రుచిలో తేడా లేదు. చెరువు నీళ్ల కంటే తేటగా ఉంటాయి. అందుకే కంటితో చూసి, నాలుకతో చూసి తెలుసుకునే వీలు లేని సంగతి ఇది. ఎవరో కొలవాలి, కొలిచినవాళ్లు చెప్పాలి.

ఇక్కడే ఇంకో చిక్కుంది. నీళ్లు కాచి తాగమని డాక్టర్లు తరతరాలుగా చెబుతున్నారు. క్రిముల విషయంలో అది నూటికి నూరుపాళ్లు నిజం. ఫ్లోరైడ్ విషయంలో మాత్రం కాచడం వల్ల ఏమీ తగ్గదు. నీరు ఆవిరై పోతుంది, ఫ్లోరైడ్ మిగిలిపోతుంది, ఉన్న నీళ్లలో దాని పాలు కాస్త పెరుగుతుంది కూడా. అలాగే, బావి నీళ్లలో క్రిములుంటాయి, చేతిపంపు నీళ్లు మంచివి అని ఒకప్పుడు ఊరూరా చెప్పారు. అదీ మంచి ఉద్దేశంతో చెప్పిన మాటే. కానీ నల్లగొండ నేల కింద ఉన్నది ఫ్లోరైడ్ కలిగిన గ్రానైటు రాయి. బోరు లోతుకు దిగేకొద్దీ నీళ్లు ఆ రాతిలో ఏళ్ల తరబడి నిలవ ఉండి, దాని గుణాన్ని పట్టుకుని వస్తాయి. ఒక జబ్బును దృష్టిలో పెట్టుకుని చెప్పిన సలహా మరో జబ్బు దగ్గర అక్కరకు రాదు. ఏ సలహా ఎక్కడిదాకా వర్తిస్తుందో విడమరిచి చెప్పకపోతే, విన్నవాళ్లు దాన్ని అన్నిటికీ వాడుకుంటారు. ఇందులో వాళ్ల తప్పు లేదు.

సాంకేతిక రంగాల్లో పనిచేసేవాళ్లకు, ఇంజనీర్లు, ల్యాబు నిపుణులు, వ్యవసాయ అధికారులు, భూగర్భజలాల వాళ్లు ఎవరికైనా సరే, చెప్పే నేర్పు ఎందుకు కావాలన్నది ఈ రోజు నేను మాట్లాడదలచుకున్న విషయం. నా వాదన ఒకటే. చెప్పడమనేది పనంతా అయ్యాక పైన అద్దే మెరుగు కాదు. అది పనిలో చివరి భాగం. అది జరిగేదాకా కొలత పూర్తయినట్టు కాదు. కమ్యూనికేషన్ స్కిల్స్ అనగానే మన పిల్లలకు గుర్తొచ్చేది అమీర్‌పేటలో స్పోకెన్ ఇంగ్లీషు క్లాసులు, క్యాంపస్ సెలక్షన్లలో గ్రూప్ డిస్కషన్, ఇంటర్వ్యూలో తడబడకుండా చెప్పే నాలుగు వాక్యాలు. ఉద్యోగం కావాలి కాబట్టి వాటిని నేను తీసిపారేయను. కానీ ఆ చదువంతా తన గురించి తాను చెప్పుకోవడానికే పనికొస్తుంది. తనకు తెలిసినదాన్ని, అది అవసరమైన మనిషికి చేర్చడం వేరే విద్య. దాన్ని మన కాలేజీల్లో ఎవరూ ప్రత్యేకంగా నేర్పడం లేదు.

నల్లగొండ చరిత్రే దీనికి సాక్ష్యం. నల్లగొండ జిల్లాలో ఫ్లోరైడ్ వల్ల వచ్చే ఫ్లోరోసిస్ జబ్బు గురించి డాక్టర్ సిద్దిఖీ రాసిన వ్యాసం 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. ఎముకలు బిగుసుకుపోవడం, వెన్ను వంగిపోవడం, పళ్లు గారపట్టి మచ్చలు తేలడం, అన్నీ ప్రపంచ వైద్యులందరికీ అర్థమయ్యే భాషలో అచ్చయ్యాయి. అంటే ఆ సంగతి లండన్‌లో చదివినవాళ్లకు 1955లోనే తెలుసు. ఆ తర్వాత 41 ఏళ్లకు, 1996 లోక్‌సభ ఎన్నికల్లో, నల్లగొండ నియోజకవర్గం నుంచి 480 మంది అభ్యర్థులు పోటీలో నిలబడ్డారు. దుశ్చర్ల సత్యనారాయణ నాయకత్వంలో జలసాధన సమితి నీళ్ల కోసం చేసిన పోరాటమది. గెలవడం కోసం వేసిన నామినేషన్లు కావవి. పేర్లు పట్టక బ్యాలెట్ కాగితం పుస్తకమంత అయింది. దేశమంతా నల్లగొండ వైపు తిరిగి, ఏమిటిది అని అడిగింది. ఇలాంటి పోటీల వల్లనే అదే ఏడాది చట్టం మార్చి, లోక్‌సభ అభ్యర్థి డిపాజిట్టును 500 రూపాయల నుంచి 10,000కు పెంచారు. శాస్త్రం తెలిసినవాళ్లు నలభై ఏళ్లలో వినిపించలేకపోయిన మాటను, వంగిన నడుములతో బతుకుతున్న జనం ఒక్క బ్యాలెట్ పుస్తకంతో వినిపించారు. ఎవరికి, ఏ రూపంలో చెబితే అది చెవిన పడుతుందో వాళ్లు కనిపెట్టారు. చెప్పే నేర్పంటే నా దృష్టిలో అదే.

దీనికి ఒక గట్టి అభ్యంతరం ఉంది. నల్లగొండకు కావలసింది మాటలు కాదు, మంచినీళ్లు. ఎంత బాగా చెప్పినా ఫ్లోరైడ్ తగ్గదు కదా, పైపులు వేసి కృష్ణా నీళ్లు తెస్తేనే తగ్గుతుంది కదా అంటారు. నిజమే. 2015 జూన్‌లో చౌటుప్పల్‌లో పైలాన్ కట్టి మొదలుపెట్టిన మిషన్ భగీరథ లాంటి పథకం చేసే పనిని ఏ ఉపన్యాసమూ చేయలేదు. ఈ మాట నేను మనస్ఫూర్తిగా ఒప్పుకుంటాను. కానీ రెండు సంగతులు మరిచిపోకూడదు. పైపు దానంతటది రాదు, అడిగేవాళ్లుంటే వస్తుంది. కాళ్లు వంకరపోవడం ఏ పాపఫలమో కాదని, తాగే నీళ్ల వల్లనేనని తెలిసినవాళ్లే అడగగలరు. రెండోది, పైపు వచ్చాక కూడా ఇంట్లో ఏ నీళ్లు తాగాలన్నది ఇంటివాళ్లే తేల్చుకుంటారు. నల్లా నీళ్లు చప్పగా ఉన్నాయని పాత బోరు నీళ్లే తాగే ముసలాయనకు, ఇన్నేళ్లూ తాగాం మాకేమైంది అనేవాళ్లకు, నీళ్ల పథకం ఇంజనీరు ఏం చెప్పగలడు? ఆయన చెప్పలేకపోతే కోట్ల రూపాయల పైపు ఆ ఇంటి గుమ్మం దగ్గరే ఆగిపోయినట్టు.

నల్లగొండ పేరు ప్రపంచానికి తెలిసిన కారణం ఇంకొకటుంది. నాగపూర్‌లోని నీరి అనే పరిశోధన సంస్థ 1970ల్లో నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీసే ఒక పద్ధతిని రూపొందించింది. దాన్ని నల్లగొండ టెక్నిక్ అంటారు. పటిక, కొంచెం సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి, ముందు గబగబా, తర్వాత నెమ్మదిగా తిప్పుతారు. దూది పింజల్లాంటి మడ్డి కట్టి, ఫ్లోరైడ్‌ను పట్టుకుని అడుక్కు దిగుతుంది. పైనున్న తేటనీటిని వంచుకోవాలి. 40 లీటర్ల బకెట్టుతో ఇంట్లోనే చేసుకునే వీలుంది. టాంజానియా, కెన్యా, ఇథియోపియా వంటి తూర్పు ఆఫ్రికా దేశాల దాకా ఆ పేరు వెళ్లింది. ఇంత చవక పద్ధతి ఇళ్లలో ఎందుకు పాతుకోలేదు? రుచి మారడం, మడ్డిని ఎక్కడ పారబోయాలన్న ఇబ్బంది, రోజూ చేయవలసిన చాకిరీ, అన్నీ కారణాలే. కానీ అన్నిటికంటే పెద్ద చిక్కు పటిక మోతాదు. అది అందరికీ ఒకటి కాదు. నీళ్లలో ఫ్లోరైడ్ ఎంతుంది, క్షారగుణం ఎంతుంది అన్నదాన్ని బట్టి మారుతుంది. ల్యాబులో దానికొక పట్టిక ఉంటుంది, రెండు కొలతలు చూసి మూడోది పట్టుకోవాలి. ఆ పట్టికను, మీ బోరుకైతే బకెట్టుకు ఇన్ని చెంచాలు, వానాకాలంలో ఇంత, ఎండాకాలంలో ఇంత అనే మాటగా మార్చి, ప్రతి బోరు దగ్గరా చెప్పే మనిషి కావాలి. ఆ మనిషి ఉన్నన్నాళ్లే అది నడుస్తుంది. రసాయన శాస్త్రం సగం దారి తెచ్చింది, మిగతా సగం ఆ చెంచా లెక్క తేవాలి.

అది మా పని కాదు, చెప్పడానికి వేరేవాళ్లున్నారు, విలేకరులున్నారు, స్వచ్ఛంద సంస్థలున్నాయి అని చాలామంది నిపుణులు అంటారు. పని పంచుకోవడం మంచిదే. కానీ కొలిచినవాడు పక్కకు తప్పుకుంటే మధ్యలో మాట అరిగిపోతుంది. బంగ్లాదేశ్‌ను చూడండి. అక్కడ చేతిపంపుల్లో ఆర్సెనిక్ అనే విషం పడింది. 2000 తర్వాత లక్షలాది పంపులను పరీక్షించి, చెడ్డవాటికి ఎర్రరంగు, మంచివాటికి ఆకుపచ్చ రంగు వేశారు. అరైహాజార్ అనే చోట చేసిన పరిశీలనలో, మీ పంపు చెడ్డదని తెలిసినవాళ్లలో 60 శాతం మంది ఏడాది లోపల వేరే పంపుకు మారారు. డబ్బులివ్వలేదు, జరిమానా వేయలేదు. నీళ్లు తెచ్చుకునే దూరం పెరిగినా మారారు. ఇందులో గమనించవలసింది, పరీక్ష చేసిన చేయీ ఫలితం చెప్పిన నోరూ ఒకే పనిలో భాగంగా ఉండడం. కొలత ఫైల్లోకి వెళ్లకముందే పంపు మీదికి ఎక్కింది.

ఇంతకంటే లోతైన ఉదాహరణ మన దగ్గరే ఉంది. పాలమూరులో, అంటే మహబూబ్‌నగర్ జిల్లాలో, నీళ్ల మాటంటే బోరు మాటే. ఏడాది మొత్తానికి వాన ఆరేడు వందల మిల్లీమీటర్లు. కింద గట్టి రాయి. పగుళ్లలో దాగిన నీళ్లే దిక్కు. ఎవరి బోరు వాళ్లు వేసుకుంటారు, కిందనున్న నీళ్లు మాత్రం అందరివీ. 2003 నుంచి 2009 వరకు, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఏడు కరువు జిల్లాల్లో, మహబూబ్‌నగర్, నల్లగొండ కూడా వాటిలో ఉన్నాయి, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ అండతో ఒక ప్రాజెక్టు నడిచింది. రైతులే భూగర్భజలాలను చూసుకునే పద్ధతి అది. ఆరు వందలకు పైగా ఊళ్లలో రైతులు, మహిళలతో సహా, వానను తామే కొలిచారు. పదిహేను రోజులకోసారి బావిలో, బోరులో నీటిమట్టం తామే చూశారు. డ్రమ్ము పెట్టి, స్టాప్‌వాచ్ పట్టుకుని, బోరు ఎంత పోస్తుందో లెక్క కట్టారు. ఆ అంకెలు ఊళ్లో గోడ మీద రాశారు. వానాకాలం ముగిసి యాసంగి మొదలవకముందు అందరూ ఒకచోట కూర్చుని, నేల కింద నీళ్లెన్ని ఉన్నాయి, అందరూ వేద్దామనుకున్న పంటలకు ఎన్ని కావాలి, తేడా ఎంత అని బడ్జెట్ వేసుకున్నారు.

ఆ బడ్జెట్‌లో ఒక లెక్కను దగ్గరగా చూద్దాం. యాసంగి వరికి సుమారు 1,200 మిల్లీమీటర్ల నీళ్లు కావాలని వ్యవసాయ పుస్తకాల్లో ఉంటుంది. విన్నవాళ్లకు అది తగలదు. ఎకరం మడిలో అన్ని నీళ్లంటే 48 లక్షల లీటర్లు. అయిదు వేల లీటర్ల ట్యాంకర్లు దగ్గర దగ్గర వెయ్యి. వెయ్యి ట్యాంకర్లు వరసగా వచ్చి ఒక్క ఎకరంలో నీళ్లు దింపి పోతున్నట్టు ఊహించుకోండి. అదే ఎకరం మీద ఏడాదంతా పడే వాన అందులో సగమో, సగం కంటే కాస్త ఎక్కువో. అదీ అంతా ఇంకదు, ఎక్కువ భాగం పారిపోతుంది, ఆవిరైపోతుంది. పల్లి వేస్తే వరికయ్యే నీళ్లలో సగం కూడా అక్కర్లేదు. ఈ మాట ఇలా చెప్పాక, వరి వేయవద్దని రైతుకు ఇంకెవరూ చెప్పనక్కర్లేదు, వేయాలా వద్దా అని ఆయనే తూకం వేసుకుంటాడు. ఇంకో చిన్న సంగతి. ఇంజనీరు బోరు సామర్థ్యాన్ని సెకనుకు ఇన్ని లీటర్లు అంటాడు. రైతు ఇంచున్నర నీళ్లు, రెండించుల నీళ్లు అంటాడు. వాన పడితే అధికారి మిల్లీమీటర్లు చెబుతాడు, రైతు పదును ఎంత లోతు దిగిందో చెబుతాడు. రెండూ కొలతలే. ఒకదాన్నుంచి ఇంకోదానికి దారి తెలిసినవాడే ఆ ఊళ్లో పనికొచ్చే నిపుణుడు.

ఫలితమేమిటి? ప్రపంచ బ్యాంకు 2010లో వెలువరించిన నివేదిక ప్రకారం, ప్రాజెక్టు నడిచిన నీటి ప్రాంతాల్లో 42 శాతం చోట్ల మూడేళ్ల పాటు వరసగా యాసంగి తోడకం తగ్గింది. పెరిగినవి 7 శాతమే. పంట మార్చుకున్నందుకు సబ్సిడీ లేదు, బోరు వేస్తే శిక్ష లేదు. ఉన్నదల్లా అర్థమయ్యేలా అందిన సమాచారం. అయితే ఇక్కడ నేను దాచకుండా చెప్పవలసింది ఒకటుంది. ప్రాజెక్టు ముగిశాక చూసిన పరిశోధకులు, ఆ మార్పంతా నీళ్ల బడ్జెట్ వల్లనే వచ్చిందా అని సందేహించారు. కొలిచే అలవాటు అన్నిచోట్లా నిలవలేదన్నారు. ఆ సందేహాన్ని నేను గౌరవిస్తాను. ధరలు, కరెంటు, వాన, అన్నీ రైతు నిర్ణయంలో ఉంటాయి. కానీ కొలిచే అలవాటు నిలవకపోవడం నా వాదనకు ఎదురు సాక్ష్యం కాదనుకుంటాను. ఏటా మారే సంగతిని ఏటా చెప్పాలి. నిరుడు చెప్పిన నీటిమట్టం ఈ ఏడు అబద్ధం.

సులువుగా చెబితే శాస్త్రం పలచబడిపోతుందన్నది పండితుల భయం. ఇది ఉత్త భయం కాదు, నిజంగా జరుగుతుంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు బడి పిల్లల మీద చేసిన ఒక పరిశీలనలో, చింతపండు తిన్నప్పుడు మూత్రంలో ఫ్లోరైడ్ ఎక్కువగా బయటికి పోతున్నట్టు తేలింది. 2002లో అది అచ్చయింది. పులుసు లేనిదే ముద్ద దిగని మనకు ఇది ఆశ కలిగించే కబురే. కానీ చింతపండుతో ఫ్లోరోసిస్ నయమవుతుంది అని ఎవరైనా ఒక్క ముక్కలో చెప్పేస్తే, అది సులువు చేయడం కాదు, తప్పు చెప్పడం. వంగిన ఎముక చింతపండుతో తిరిగి నిలబడదు. చెడ్డ నీళ్లు తాగుతూనే పులుసు పోసుకుంటే సరిపోదు. ఒంట్లో చేరే దాంట్లో కొంత బయటికి పోవడానికి అది సాయపడవచ్చు, నీళ్లు మార్చుకోవడం మాత్రం తప్పదు. ఈ వాక్యంలో కష్టమైన మాట ఒక్కటీ లేదు, వదిలేసిన నిజమూ లేదు. కష్టమైన మాటల వెనక దాక్కున్నప్పుడే అసలు తెలియని సంగతి తెలిసినట్టు కనిపిస్తుంది. పామరుడికి చెప్పబోతే మనకెక్కడ తెలియదో మనకే బయటపడుతుంది. ఆ రకంగా ఇది శాస్త్రవేత్తకే మేలు.

తెలుగులో అంత మాటలెక్కడున్నాయి అనేవాళ్లకు జవాబు నూట ఇరవై ఏళ్ల కిందటే దొరికింది. 1906లో హైదరాబాదులో విజ్ఞాన చంద్రికా మండలి పెట్టి, చరిత్రతో పాటు సైన్సు పుస్తకాలను తెలుగులో అచ్చువేయించినవారిలో కొమర్రాజు లక్ష్మణరావుతో పాటు రావిచెట్టు రంగారావు ఉన్నారు. రంగారావు నల్లగొండ జిల్లావారు. ఉర్దూ రాజభాషగా, తెలుగు బడి అరుదుగా ఉన్న రోజుల్లో వాళ్లు ఆ పని తలకెత్తుకున్నారు. ఇవాళ బోరు, మోటారు, స్టార్టరు, డ్రిప్పు, పంపుసెట్టు అన్నీ తెలుగు మాటలే అయిపోయాయి. ఫ్లోరైడ్ కూడా నల్లగొండలో బడికి వెళ్లని ముసలమ్మకు తెలిసిన తెలుగు మాటే. పదాలకు కరువు లేదు. కూర్చుని మాట్లాడే తీరికకే కరువు.

అందుకే ఒక సూచన చేస్తున్నాను. నల్లగొండలో 2007 నుంచి మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం ఉంది. మహబూబ్‌నగర్‌లో 2008 నుంచి పాలమూరు విశ్వవిద్యాలయం ఉంది. చుట్టుపక్కల ఇంజనీరింగు కాలేజీలున్నాయి, పాలిటెక్నిక్‌లున్నాయి. ఏటా వందలమంది చివరి సంవత్సరం ప్రాజెక్టు రాసి, బైండు చేయించి, నలుగురు అధ్యాపకుల ముందు పవర్‌పాయింట్ చూపించి మార్కులు తెచ్చుకుంటారు. నీళ్ల మీద, నేల మీద, కరెంటు మీద, పంట మీద చేసే ప్రాజెక్టులకైనా వైవాలో సగం మార్కులు ఊళ్లో వేయించాలి. నమూనా ఏ ఊరి బోరులోంచి తీశారో ఆ ఊరి గ్రామపంచాయతీ దగ్గర విద్యార్థి నిలబడాలి. చేతిలో స్లైడు ఉండకూడదు, బిందె ఉన్నా ఫరవాలేదు. తను కొలిచింది పది నిమిషాల్లో చెప్పాలి, ఆ తర్వాత ఊరివాళ్లు అడిగినదానికి జవాబివ్వాలి.

అధ్యాపకులు అడిగే ప్రశ్నలు విద్యార్థికి ముందే తెలుసు. ఏ పరికరం వాడావు, పొరపాటు శాతమెంత, ఎవరి పరిశోధన చదివావు. ఊళ్లో అడిగేవి వేరు. మా బోరు చెడ్డదైతే పక్క చేనుది మంచిదెట్లా అయింది? చిన్నపిల్లలకు పాలపొడి ఏ నీళ్లతో కలపాలి? ఈ నీళ్లతో పండిన కూరగాయలు తినొచ్చా? వానాకాలంలో మళ్లీ వచ్చి చూస్తావా? వెనక వరసలోంచి ఒకామె లేచి, మనుషుల సంగతి సరే బిడ్డా, ఇవే నీళ్లు బర్రెలకు తాపుతున్నం, వాటికేమన్నా అయితదా అని అడుగుతుంది. పశువులకూ ఫ్లోరోసిస్ వస్తుంది, వాటి పళ్లూ కీళ్లూ కూడా దెబ్బతింటాయి. ఆ విద్యార్థి రాసిన వంద పేజీల రిపోర్టులో బర్రె అనే మాటే ఉండదు. వచ్చే వారం మళ్లీ వచ్చి చెబుతానమ్మా అని, ఆ ప్రశ్నను నోటుపుస్తకంలో రాసుకోవాలి.